పచ్చ మంట, కిర్రు చెప్పులు

1964, శివరాత్రి వెళ్ళిన వారం. బెజవాడలో ఒక రిఫ్రిజిరేషన్ కంపెనీలో నేను సర్వీసు అసిస్టెంటుని. పేరుకి అసిస్టెంటునే గానీ ఇంకా ప్రొబేషన్ తీరలేదు. ఆ వారం నన్ను నూజివీడు దగ్గర ఒక మామిడితోట ఆసామి ఇంటికి, వారి కారులో గ్యాసు నింపి రమ్మని పంపారు. నింపాను. అయితే అంతకు ముందు, ఆ కారులో నిండుగా ఉన్న గ్యాసుని నా చేత్తో నేనే గాలిలోకి వదిలేశాను. అప్పట్లో తెలిసిన ఇద్దరికి తప్ప, ఇన్నేళ్ళూ ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు. రిటైరయ్యాక పరువుకి కూడా పింఛనే కాబట్టి ఇప్పుడు చెప్పినా నష్టం లేదు.

ఆ రోజుల్లో మా పనంతా ఐసు ఫ్యాక్టరీల్లోనూ, సినిమా హాళ్ళలోనూ ఉండేది. ఇళ్ళల్లో ఫ్రిజ్ ఉండడమే వింత. కారులో చల్లదనం అంటే అద్దం దించుకోవడం. అటువంటిది భూషయ్య గారు మద్రాసులో ఎవరో వెళ్ళిపోతున్న విదేశీ ఆఫీసరు దగ్గర ఏసీతో సహా ఒక అమెరికా కారు కొన్నారు. మూడు గ్రామాల్లో తోటలున్న మనిషి. కాపు సమయానికి పైనుంచి వచ్చే వ్యాపారుల్ని అందులో కూర్చోబెట్టి తోటలు చూపిస్తారట. మనిషి చల్లగా కూర్చుంటే బేరం వేడెక్కదని ఆయన సిద్ధాంతం. సీజను ఇంకా రెండు నెలలుందనగా కారు చల్లదనం తగ్గింది. "గ్యాసు అయిపోయినట్టుంది, నింపి వెళ్ళండి" అని కార్డు ముక్క రాశారు.

మా ఫోర్‌మన్ శేషాద్రి గారు మద్రాసు మనిషి. తెలుగు నెమ్మదిగా మాట్లాడేవారు, అందుకని తిట్లు కూడా స్పష్టంగా వినిపించేవి. ఆయన చేతిలో నాకు రెండు వస్తువులు అందాయి. ఒకటి గ్యాసు సిలిండరు. ఆ గ్యాసు అప్పట్లో విదేశాల నుంచి లైసెన్సు మీద రావాలి. ఈ ఒక్క సిలిండరు తప్ప గోడౌనులో మరొకటి లేదు, మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు. అందులో సరిగ్గా ఒక కారుకి సరిపడేంత ఉంది. రెండోది జాబ్ కార్డు. ఫిర్యాదు, గేజి రీడింగులు, లీకు పరీక్ష, చేసిన పని, చివర్లో 'ఫలితం' అని గళ్ళు ఉంటాయి. ఫలితం గడిలో 'సంతృప్తికరం' అనే మాట, కింద ఇంటాయన సంతకం ఉంటే అది మంచి కార్డు. ప్రొబేషన్ తీరాలంటే మూడు మంచి కార్డులు కావాలి. నా దగ్గర రెండున్నాయి.

"వరస గుర్తుంది గదా? ముందు కళ్ళు. తర్వాత గేజి. తర్వాత టార్చి. ఆఖరున స్పానరు. సిలిండరు ఖాళీగా వచ్చి కారు వేడిగా ఉంటే, నువ్వు బస్సు దిగకుండా అట్నించటే వెళ్ళిపో" అన్నారాయన.

టార్చి అంటే చేతిలో పట్టుకునే లైటు కాదు. హాలైడ్ టార్చి అని, చిన్న స్పిరిట్ దీపం. మంట మీద రాగి పలక ఉంటుంది. పక్కనుంచి ఒక రబ్బరు గొట్టం. ఆ గొట్టం కొసని గొట్టాల అతుకుల దగ్గర పెడితే అక్కడి గాలిని మంటలోకి లాక్కుంటుంది. గ్యాసు కారుతుంటే నీలి మంట పచ్చగా మారుతుంది. చూడ్డానికి భలే ఉంటుంది. నా కొంప ముంచింది ఆ భలేతనమే.

తోట ఇల్లు రెడ్డిగూడెం వెళ్ళే దారిలో ఉంది. పెద్ద వరండా, దానికి ఎదురుగా యాభై అడుగుల దూరంలో పెంకుల షెడ్డు. షెడ్డులో కారు, కారు పక్కన పురుగుమందు బస్తాలు, చేత్తో తిప్పి పొడి చల్లే డస్టర్లు. అప్పుడు మామిడి పూత మీదుంది, తేనె మంచు పురుగు పట్టింది. అందుకని రోజూ పొద్దున్నే కూలీలు బి.హెచ్.సి. పొడి చల్లుతున్నారు. ఆ పొడి ముక్క వాసన ఒకసారి తగిలితే అన్నంలో కూడా అదే వాసన.

వరండాలో పడక్కుర్చీలో భూషయ్య గారి బావమరిది చలపతి గారు ఉన్నారు. అక్కగారింట్లోనే ఉంటూ తోటల అజమాయిషీ చూస్తున్నారు. మడత నలగని లాల్చీ, నడిస్తే నాలుగిళ్ళకి వినపడే కిర్రు చెప్పులు. పొడి చల్లించడం ఆయన బాధ్యత. రోజూ పొద్దున్నే తనే కారు నడుపుకుంటూ తోటలకి వెళ్ళి, ఎండెక్కాక తిరిగొస్తారు.

"బెజవాడ నుంచి వచ్చింది నువ్వేనా? సోడా మిషన్లు బాగుచేసే కంపెనీయే గదా మీది?" అన్నారు.

"ఐసు ఫ్యాక్టరీలండీ."

"ఏదైతేనేం, గ్యాసే గదా. సరే కానీయ్, సోడా ఇంజనీరూ."

అక్కడున్న పాలేళ్ళు నవ్వారు. ఎల్.ఎం.ఈ. డిప్లొమా చదివిన వాణ్ణి, ఇరవై మూడేళ్ళ వాణ్ణి. వీళ్ళకి నా తడాఖా చూపించాలనిపించింది. కళ్ళూ గేజీ చూపిస్తే తడాఖా ఎక్కడుంది? వరస తప్పించి నేరుగా టార్చి వెలిగించాను.

కారు ముందు భాగంలో, రేడియేటరుకి ఇంకా ముందు కండెన్సరు అని ఒక జల్లెడలాంటిది ఉంటుంది. గ్యాసు తన వేడిని బయటికి వదిలేది అక్కడే. దాని దగ్గర గొట్టం పెట్టగానే మంట చిలకపచ్చగా లేచింది. పాలేళ్ళు "అబ్బో" అన్నారు. కంప్రెసరు దగ్గర పచ్చ. గొట్టాల దగ్గర పచ్చ. ఏ అతుకు దగ్గర పెట్టినా పచ్చే. కారు లోపల, చల్లగాలి వచ్చే చోట మాత్రం నీలంగానే ఉంది. అదేమిటని ఒక్క క్షణం ఆగి ఆలోచించినా బతికిపోయేవాణ్ణి. చుట్టూ జనం ఉన్నప్పుడు ఆలోచించడం కొంచెం మర్యాద తక్కువగా అనిపిస్తుంది.

"అన్ని అతుకులూ పోయాయండీ. విప్పి మళ్ళీ బిగించాలి" అని ప్రకటించి, సర్వీసు వాల్వు తెరిచాను. బుస్సుమంది. అలా బుసకొడుతూనే ఉంది. కారిపోయి ఖాళీ అయిన యంత్రం అంతసేపు బుసకొట్టదు. ఆ సంగతి నాకు తట్టలేదు గానీ, వరండాలో పడుకున్న మనిషికి తట్టింది.

"అతుకులన్నీ పోయి గ్యాసు కారిపోయిందన్నావుగా, మరి ఆ పోయేదేంటయ్యా?" అని అక్కణ్ణుంచే కేకేశారు చలపతి గారు.

"మిగిలిపోయిందండీ!"

"మిగిలిందే ఇంతుంటే అసలెంతుంటుందో!"

ఆ రోజు మొత్తం మీద అక్కడ జరిగిన ఒకే ఒక్క తెలివైన పరిశీలన అది. చేసింది నేను కాదు.

అతుకులన్నీ విప్పాను, శుభ్రం చేశాను, బిగించాను. తర్వాత వాక్యూమ్ పంపు తగిలించాను. కొత్త గ్యాసు పోసే ముందు గొట్టాల్లో గాలీ చెమ్మా లేకుండా లాగెయ్యాలి. సాయంత్రానికి గేజి ముల్లు ఇరవైతొమ్మిది అంగుళాల దగ్గర నిలబడింది, అంటే లోపల గాలి దాదాపు లేనట్టే. వాల్వులు మూసి అలాగే వదిలేశాను. ఎక్కడన్నా సందుంటే గాలి లోపలికి దూరి ముల్లు కదులుతుంది. తెల్లారి చూస్తే వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఇక నింపడం. తోటలో కాయలు తూచే కాటా ఖాళీగానే ఉంది గనక సిలిండరుని దాని మీదికెక్కించి బరువు రాసుకున్నాను. ఇంజను నడుస్తుండగా గ్యాసు కొంచెం కొంచెంగా వదలాలి. సిలిండరు చల్లబడి మొరాయిస్తే చెయ్యి పట్టేంత వేడినీళ్ళలో నిలబెట్టాలి, అంతకన్నా వేడి పనికిరాదు. గొట్టం మీద ఒక గాజు బిళ్ళ ఉంటుంది. దాంట్లో బుడగలు ఆగిపోతే కడుపు నిండినట్టు. బుడగలు ఆగాయి. సిలిండరు తూచాను, ఒట్టి డొక్కు మిగిలింది.

చివరి పరీక్షగా టార్చి వెలిగించి కండెన్సరు దగ్గర పెట్టాను.

పచ్చ.

కంప్రెసరు దగ్గర పచ్చ. నేను నిన్నంతా కూర్చుని బిగించిన ప్రతి అతుకు దగ్గరా పచ్చ. రాత్రంతా కదలని గేజి ఒకవైపు, మండుతున్న మంట ఇంకోవైపు. నేను మంటనే నమ్మాను. బస్తా మీద కూలబడ్డాను. పక్కన ఖాళీ సిలిండరు. మళ్ళీ విప్పితే ఉన్న గ్యాసు పోతుంది, పొయ్యడానికి లేదు. విప్పకపోతే నా లెక్కన అదెలాగూ కారిపోతుంది. బెజవాడ బస్సు దిగకుండా ఎక్కడికి వెళ్ళాలా అని ఆలోచన మొదలైంది.

వరండాలోంచి చలపతి గారి గొంతు వినపడింది. షెడ్డులోకి ఆయన అడుగు పెట్టరు, పొడి వాసన పడదట. కారు కూడా పాలేళ్ళు బయటికి తోసి పెడితేనే ఎక్కుతారు. "ఏమయ్యా సోడా ఇంజనీరూ! పచ్చగా మండితే లీకున్నట్టు, నీలంగా ఉంటే లేనట్టు అన్నావు. మరి నీ మొహం తెల్లబోయింది, దానికి అర్థమేంటి?"

ఆ పొద్దున ఇంటికి వచ్చిన చుట్టాలు కూడా నవ్వారు. అప్పుడే తోటలోంచి వచ్చిన భూషయ్య గారు నవ్వలేదు. "సాయంత్రంలోగా తేలుతుందా అబ్బాయ్?" అని మాత్రం అడిగారు. తేలుస్తానన్నాను. మునిగిన వాడు ఎప్పటికైనా తేలతాడు గదా అని నా ధైర్యం.

గుండె రాయి చేసుకుని మొదటి నట్టు మీద స్పానరు పెట్టాను. టార్చి ఇంకా ఆర్పలేదు, నేల మీద వెలుగుతోంది. అప్పుడే పొడి చల్లడం ముగించుకుని ఆడకూలీలు డస్టర్లు లోపల పెట్టడానికి షెడ్డులోకి వచ్చారు. ముందున్న మంగమ్మ, యాభై దాటిన మనిషి, నన్ను దాటుకుంటూ వెళ్ళి కొంగు దులిపింది.

మంట భగ్గుమని పచ్చబడింది.

ఆమె ఆగి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏంటి బాబూ, నాక్కూడా గ్యాసు కారతందా?"

వెనక వాళ్ళు గొల్లుమన్నారు. "దీనికి పొద్దస్తమానం కారతానే ఉంటది బాబూ, నోట్లోంచి" అందొకామె.

నేను నవ్వలేదు. స్పానరు కింద పెట్టాను. "మంగమ్మా, ఇంకోసారి దులుపు" అన్నాను. దులిపింది. పచ్చ. గొట్టం తీసుకెళ్ళి బస్తాల దగ్గర పెట్టాను. అంత పచ్చని మంట నేను మళ్ళీ సర్వీసు మొత్తంలో చూడలేదు.

సంగతేమిటంటే, ఆ మంటకి కారు గ్యాసని తెలీదు, పురుగుమందని తెలీదు. రెండిట్లోనూ క్లోరిన్ ఉంది. దాన్ని చూస్తే చాలు, పచ్చబడుతుంది. కాలేజీలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. పొడి బస్తాల మధ్య కూర్చుని పొడిని వెతికే దీపంతో లీకు వెతికాను.

అయితే ఒట్టి మాట చాలదు, నిర్ధారణ కావాలి. సబ్బు నురుగు రాస్తే లీకున్న చోట బుడగ లేస్తుంది. నా దగ్గర సబ్బు లేదు. అడిగితే మంగమ్మ ఇంట్లోకి వెళ్ళి గిన్నెడు కుంకుడు రసం పిండించుకొచ్చింది. అతుకు అతుక్కీ పట్టించాను. ఒక్క బుడగ లేవలేదు. లీకు లేదు. నిన్న కూడా లేదు. అంటే నిన్న వదిలేసింది శుభ్రమైన, నిండు గ్యాసన్నమాట.

మరి చల్లదనం ఎందుకు తగ్గినట్టు? అప్పుడు, రెండో రోజు పదకొండు గంటలకి, శేషాద్రి గారు చెప్పిన వరసలో మొదటి పని చేశాను. కళ్ళతో చూశాను. కండెన్సరు జల్లెడ కనపడితేగా! రాలిన పూత, తేనె మంచు జిగురు, దాని మీద తెల్లటి పొడి, అన్నీ కలిసి గోడకి సున్నం మెత్తినట్టు ఉంది. గాలి ఆడక వేడి బయటికి పోవట్లేదు. కండెన్సరు వైపు ఒత్తిడి చూపే ఎర్ర గేజి తగిలిస్తే ముల్లు ఉండాల్సిన చోటు కన్నా చాలా పైన ఉంది. నిన్నే తగిలించి ఉంటే నిన్నే చెప్పేది.

ఒక్క అనుమానం మిగిలింది. పరిగెత్తే కారుకి ఇంత పట్టదు. చెట్టు కింద కదలకుండా నిలబడి, ఇంజను గంటల తరబడి నడుస్తూ, ఫ్యాను లోపలికి లాగుతుంటేనే ఇంత మందాన పడుతుంది. మంగమ్మని అడిగాను.

"చలపతి బాబు గారు రోజూ వస్తారుగా. చెట్టు కింద ఆపి, అద్దాలెక్కించుకుని, చల్ల మిషనేసుకుని లోపలే కూకుంటారు. అద్దం మీద వేలితో టకటకా కొట్టి, ఇటు కాదు అటు అని చెయ్యి ఊపుతారు. మాకేం వినపడదు. కాసేపటికి ఆ ఊపడం కూడా ఉండదు, గురకే." చెప్పేసి గబుక్కున గొంతు తగ్గించింది. "నా పేరు చెప్పమాకండి బాబూ, రేపు పనిలోకి రానివ్వరు."

చెప్పనన్నాను. తల అంటేసిన కారుకి స్నానం మిగిలింది. నాలుగు బిందెల నీళ్ళతో, మెత్తటి బ్రష్షుతో, రెక్కలు వంగకుండా కండెన్సరు కడిగాను. ఇంజను వేస్తే పది నిమిషాల్లో చేతుల మీద రోమాలు లేచాయి. భూషయ్య గారు వెనక సీట్లో కూర్చుని, పైపంచె మెడ చుట్టూ బిగించుకుని, తలాడించారు.

ఇక జాబ్ కార్డు రాయడం మిగిలింది. వరండా మెట్ల దగ్గర మూడు జతల చెప్పులున్నాయి. రోజుకొక్కసారైనా తోటలో తిరిగొచ్చే భూషయ్య గారి బరువు చెప్పులు, షెడ్డులో రెండు రోజులుగా తొక్కిన నావి, చలపతి గారి కిర్రు చెప్పులు. ఆయన లోపల ఫలహారం చేస్తున్నారు. నేను టార్చి వెలిగించి ఒక్కొక్క జతా తట్టి గొట్టం పెట్టాను. తర్వాత కార్డులో ఇలా రాశాను.

"ఫిర్యాదుకి కారణం: కండెన్సరు మూసుకుపోవడం. కారు తోటలో నిలిపి, ఏసీతో ఇంజను గంటల తరబడి నడపడం వల్ల. ముందున్న గ్యాసులో లోపం లేదు. దాన్ని సర్వీసు అసిస్టెంటు పొరపాటున వదిలేశాడు. లీకు పరీక్షలో పచ్చ మంట: పురుగుమందు బస్తాలు, ఉంది. కండెన్సరు, కడగక ముందు ఉంది, కడిగాక లేదు. కారు లోపల, లేదు. ఇంటి యజమాని చెప్పులు, ఉంది. సర్వీసు అసిస్టెంటు చెప్పులు, ఉంది. కిర్రు చెప్పులు, లేదు."

భూషయ్య గారు కళ్ళద్దాలు పెట్టుకుని ప్రతి గడీ చదివారు. చివరి వాక్యం మీద వేలు పెట్టారు. "ఈ చెప్పుల సంగతేంటి అబ్బాయ్?"

"చుట్టుపక్కల వస్తువులన్నీ చూసి రాయడం మా రూలండీ" అన్నాను. ఆ రూలు అప్పుడే పుట్టింది.

అప్పుడే చెయ్యి తుడుచుకుంటూ వచ్చిన చలపతి గారు కార్డులోకి తొంగి చూశారు. "చెప్పులకి గ్యాసేంటి బావా, వీడి మొహం!"

"లేదనే గదయ్యా రాశాడు" అన్నారు భూషయ్య గారు. ఆపైన మెట్ల మీది చెప్పుల్నీ, బావమరిది నలగని లాల్చీనీ ఒకసారి చూశారు. "నెలరోజులుగా మందు పనిచెయ్యట్లేదని షాపు వాణ్ణి తిడుతున్నా. రేపట్నుంచి కారు షెడ్డులోనే ఉంటుంది. నువ్వు మంగమ్మ వాళ్ళతో పాటు నడిచెళ్ళు" అన్నారు. చలపతి గారి చేతిలో వేలాడుతూ కిర్రు చెప్పులు ఆ పూట చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళ్ళాయి.

భూషయ్య గారు సంతకం చేశారు గానీ ఫలితం గడి నింపడానికి వీల్లేదు. గ్యాసు పోసిన పదిహేను రోజులకి మళ్ళీ వెళ్ళి చూసి, అప్పుడే నింపాలి. ఇది మాత్రం నిజంగా రూలే.

బెజవాడలో శేషాద్రి గారు కార్డు రెండుసార్లు చదివారు. 'పొరపాటున వదిలేశాడు' అన్న మాట కింద గోరుతో గీత గీశారు. "ఇది నువ్వే రాశావు గనక మళ్ళీ నూజివీడు నువ్వే వెళ్తావు. రాయకుండా ఉంటే నీ బదులు ఇంకొకడు వెళ్ళేవాడు" అన్నారు. ఆ పదిహేను రోజులూ నాతో వర్క్‌షాపులో ఉన్న కండెన్సర్లన్నీ కడిగించారు.

నేను నేర్చుకున్నది ఇంతే. పరికరం అబద్ధం చెప్పదు, అయితే మనం అడగని ప్రశ్నలకి కూడా జవాబు చెబుతుంది. వాటిలో మన ప్రశ్నకి జవాబు ఏదో ఏరుకోవడం మెకానిక్కు పని. అందుకే ముందు కళ్ళు, తర్వాత గేజి, తర్వాత టార్చి, ఆఖరున స్పానరు. తర్వాత నా కింద పనిచేసిన వాళ్ళందరికీ ఇదే వరస చెప్పాను. కారణం మాత్రం చెప్పలేదు.

పదిహేనో రోజున టార్చి పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. పిందె నిలబడింది. కారు చల్లగా ఉంది, గేజి ముళ్ళు రెండూ ఉండాల్సిన చోట ఉన్నాయి. అది చూశాక వరండా మెట్ల దగ్గరికి వెళ్ళాను. భూషయ్య గారు పడక్కుర్చీలోంచి లేచి కూర్చున్నారు. పొడి కొట్టుకుపోయిన లాల్చీతో, ఎండకి నల్లబడిన మొహంతో చలపతి గారు అప్పుడే తోటలోంచి నడిచొచ్చి, నన్ను చూసి, చెప్పులు విడవాలా వద్దా అని మెట్టు మీద నిలబడిపోయారు.

"విడవండి, రూలు" అన్నాను.

విడిచారు. గొట్టం పెట్టాను. మంట లేత మామిడాకులా పచ్చగా లేచింది. కార్డు తీసి, ఆయన చూస్తుండగానే, ఫలితం గడిలో 'సంతృప్తికరం' అని గుండ్రంగా రాశాను.